లైబ్రరీకి నవ్వొచ్చే పేరు పెట్టడం ఎలా

ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ 1990ల తొలినాళ్లలో, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రంలోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద ఉన్న ఇతర కంప్యూటర్లు ఎస్ఎంబీ అనే ప్రోటోకాల్ ద్వారా వాడుకోగలిగేలా ఒక సర్వర్ రాసి, దానికి ఎస్ఎంబీ సర్వర్ అని చప్పగా పేరు పెట్టారు. ఆ పేరు మీద హక్కు తమదని ఒక సంస్థ తాఖీదు పంపడంతో కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చింది. అప్పుడాయన యునిక్స్‌తో పాటు వచ్చే ఇంగ్లీషు పదాల పట్టిక తెరిచి, ‘ఎస్’తో మొదలై, ఆ తరువాత ఎక్కడో ఒకచోట ‘ఎం’, దాని తరువాత ఎక్కడో ‘బీ’ వచ్చే మాటలన్నీ చూపమని గ్రెప్ కమాండును అడిగారు. సాల్మన్‌బెర్రీ, స్క్రాంబుల్ వంటి మాటల నడుమ సాంబా కనిపించింది. ప్రోటోకాల్‌లోని మూడక్షరాలూ అదే వరుసలో ఉన్నాయి, పలకడానికి హాయిగా ఉంది, పైగా అది బ్రెజిల్ వాళ్ల నాట్యం. ఆ పట్టికలో మన వంటింటి మాటలు కూడా ఉండి ఉంటే సాంబారు సైతం ఆ జల్లెడలో నిలిచేది.

లైబ్రరీకి, అంటే ఇతర ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునేలా రాసిపెట్టిన కోడ్‌కు, నవ్వించే పేరు ఏదో ఒక క్షణంలో తళుక్కున తడుతుందని చాలామంది అనుకుంటారు. అప్పుడప్పుడు తడుతుంది కూడా. తట్టనప్పుడు మాత్రం ట్రిడ్జెల్ చేసినట్టు పద్ధతిగా వెతకవచ్చు. ఎవరైనా చూసి వాడుకోగల ఓపెన్ సోర్స్ కోడ్ లోకంలో నిలబడిన పేర్లను పరిశీలిస్తే, హాస్యం బయటినుంచి తెచ్చి అతికించినది కాకుండా లైబ్రరీ చేసే పనిలోంచే పుట్టిన చోట ఆ పేరు పాతబడలేదని తెలుస్తుంది. ఇంకొకరి కమాండులో, అర్ధరాత్రి ఎర్రర్ మెసేజ్‌లో, వందోసారి కనబడినప్పుడు ఎవరికీ నవ్వు రాదు. అప్పుడు ఆ పేరు పనిని గుర్తుచేయగలిగితే చాలు.

పనిని ఒక వాక్యంలో రాసుకోవడం

కాబట్టి ముందుగా మీ లైబ్రరీ ఏమి చేస్తుందో ఒకే వాక్యంలో, ప్రోగ్రామింగ్ తెలియని బంధువుకు చెప్పినట్టు, కాగితం మీద రాయండి. ఆ వాక్యంలోని క్రియనూ, ఆ క్రియకు లోబడే వస్తువునూ విడదీసి, ఇంట్లోనో పొలంలోనో వంటగదిలోనో అదే పని చేసే సాధనం ఏదని అడగండి. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ట్యాగులనే గుర్తులతో రాసిన ఎక్స్ఎంఎల్, హెచ్‌టీఎంఎల్ పత్రాలను చదివే నోకోగిరి అనే లైబ్రరీ ఉన్నది. తెలుగు చెవికి అది శేషగిరి, యాదగిరుల వరసలో మరో కొండలా వినబడుతుంది గానీ, జపాను భాషలో దాని అర్థం రంపం. ఇటువంటి పత్రాలను ప్రోగ్రామర్లు చెట్టు రూపంలో ఊహించుకుంటారు కనుక, చెట్టును కోయడానికి రంపం కావలసి వచ్చింది. పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో అదే పని చేసే బ్యూటిఫుల్ సూప్ వేరే దారి తొక్కింది. తెరిచిన ట్యాగును మూయకుండా, ఒకదానిలో ఒకటి కలగాపులగంగా రాసిన వెబ్ పేజీని వెబ్ పనివాళ్లు ‘ట్యాగ్ సూప్’ అని వెక్కిరించేవారు. ఆ సూపును కూడా వడకట్టగలదు కనుక ఈ లైబ్రరీకి, లూయీ కారల్ ఆలిస్ కథలో ఉత్తుత్తి తాబేలు పాడే సూపు పాట పేరు పెట్టారు. రెండూ ఒకే పనికి పెట్టిన పేర్లు, రెండూ పనిలోంచే పుట్టాయి, అయినా ఒకదానికొకటి పోలిక లేదు.

దగ్గరగా చూడవలసిన మరో ఉదాహరణ పైథాన్‌లోనే ఉన్న పికిల్. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు మెమరీలో ఉన్న వస్తువును ఫైలుగా నిల్వ చేసి, కావలసినప్పుడు తిరిగి యథాతథంగా తీసుకునే ఏర్పాటు అది. అంటే ఊరగాయ పెట్టడమే. దానితో నిల్వ చేయలేని వస్తువులను కూడా నిల్వ చేసే లైబ్రరీ ఒకటి తరువాత వచ్చింది. పాశ్చాత్యులు దోసకాయ ఊరగాయలో వేసే సోయికూర లాంటి ఆకు పేరుతో దానికి డిల్ అని పేరు పెట్టారు. అదే సంగతి తెలుగువారు చేపడితే ఆవకాయ అనో మాగాయ అనో పేరు పెడతారనడంలో సందేహం లేదు, ఆ పోలిక ఇంకా లోతుగా కుదురుతుంది కూడా. ఎవరో ముక్కూమొహం తెలియనివారు పంపిన పికిల్ ఫైలును తెరిస్తే అందులో దాగిన కోడ్ మీ యంత్రంలో నడిచే ప్రమాదం ఉన్నదని పైథాన్ పత్రాలే హెచ్చరిస్తాయి. ఎక్కడిదో తెలియని జాడీలో చేయి పెట్టరాదన్న సంగతి మన అమ్మమ్మలకు కొత్త కాదు. పోలిక ఎంత దూరం వెళ్లినా తెగకపోతే ఆ పేరు దొరికినట్టే.

పాత సాధనం మీద విసురు

రెండో దారి, మీరు పక్కన పెట్టాలనుకుంటున్న పాత సాధనం పేరునే మెలిపెట్టడం. యునిక్స్‌లో పొడవైన ఫైలును పేజీలుగా చూపే కమాండు పేరు మోర్, అంటే ‘ఇంకా’. దానికంటే ఎక్కువ పనులు చేసే కమాండు వచ్చినప్పుడు దానికి లెస్, అంటే ‘తక్కువ’ అని పేరు పెట్టారు. తక్కువే ఎక్కువ అనే ఇంగ్లీషు నానుడి అందులో దాగి ఉన్నది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ‘ఇంకో కంపైలర్ కంపైలర్’ అనే సాధనాన్ని పొడి అక్షరాల్లో యాక్ అన్నారు. యాక్ అంటే జడలబర్రె కూడా కనుక, దాని స్థానంలో వచ్చిన, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి సాధనం అడవిదున్న అయి, బైసన్ అనే పేరుతో నేటికీ బతుకుతున్నది. వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌ను సృష్టించిన ర్యాన్ డాల్ 2018లో దానిలో తాను చేసిన పొరపాట్లను ఏకరువు పెట్టి, వాటిని సరిదిద్దే కొత్త ప్రాజెక్టుకు అవే అక్షరాలను ముందువెనకలు చేసి డీనో అని పేరు పెట్టారు. విమర్శ అంతా ఆ తారుమారులోనే ఉన్నది. నా దృష్టిలో ఈ జాతి పేర్లలో ఇంత పొదుపైనది మరొకటి లేదు. పైథాన్‌లో బాటిల్ అనే చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఉండగా, 2010లో ఏప్రిల్ ఒకటిన సరదాకు విడుదల చేసిన ఒక ఉత్తుత్తి ఫ్రేమ్‌వర్క్ జనానికి నిజంగానే నచ్చడంతో, అది సీసా పక్కన మరో పాత్రగా, ఫ్లాస్క్‌గా స్థిరపడింది.

ఈ దారిలో ఒక చిక్కు ఉన్నది. పాత సాధనం మరుగున పడితే విసురు కూడా దానితోనే పోతుంది. బైసన్ వాడే నేటి విద్యార్థులలో యాక్ సంగతి ఎందరికి తెలుసు? అందుకని, పాతదాని ప్రస్తావన తీసివేసినా పేరు సొంతంగా నిలబడుతుందో లేదో చూసుకోవలసి ఉంటుంది. ఫ్లాస్క్ నిలబడుతుంది. జావాస్క్రిప్ట్ ఆరో సంచికలో రాసిన కోడ్‌ను ఐదో సంచికకు మార్చే సాధనానికి ‘ఆరు నుంచి ఐదుకు’ అని అర్థం వచ్చేలా పెట్టిన పేరు నిలబడలేదు. ఏడో సంచిక కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఆ పేరు అబద్ధమయ్యే పరిస్థితి ఏర్పడి, 2015లో దానిని బేబెల్‌గా మార్చారు. పేరులో అంకె ఉంటే దానికి గడువు ఉన్నట్టే.

తనను తాను మింగే పేరు

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూకు విస్తరణ ‘గ్నూ యునిక్స్ కాదు’ అని. ఆ విస్తరణలో మళ్లీ గ్నూ ఉన్నది, దానిని విప్పితే మళ్లీ గ్నూ వస్తుంది, ఎంత విప్పినా తరగదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ కూడా ‘వైన్ ఎమ్యులేటర్ కాదు’ అని చెప్పుకుంటుంది. ఈ కాదుల కుటుంబంలో అన్నిటికంటే విచిత్రమైన కథ, పాటలను ఎంపీత్రీ ఫైళ్లుగా కుదించే లేమ్‌ది. ‘లేమ్ ఎంపీత్రీ ఎన్‌కోడర్ కాదు’ అన్నది దాని విస్తరణ. 1998లో అది మొదలైనప్పుడు ఆ మాట అక్షరాలా నిజం, ఎందుకంటే అది వేరొకరి నమూనా ఎన్‌కోడర్‌కు వేసిన అతుకు మాత్రమే. 2000 నాటికి పాత కోడ్ అంతా పోయి అదే సంపూర్ణమైన ఎన్‌కోడర్ అయింది, పేరు మాత్రం కాదనే అంటున్నది. యామ్ల్ కథ దీనికి తలకిందులు. అది మొదట ‘ఇంకో మార్కప్ భాష’ అని చెప్పుకుని, తరువాత తాను డేటా కోసమే పుట్టానని గ్రహించి ‘యామ్ల్ మార్కప్ భాష కాదు’గా విస్తరణ మార్చుకున్నది. పేరు మార్చకుండా అర్థం మార్చుకోవడం పొడి అక్షరాల పేర్లకు మాత్రమే ఉన్న సౌకర్యం.

తెలుగులో ఇటువంటి పేరు కట్టగలమా అని ఆలోచించేవారికి మన వాక్యనిర్మాణం ఒక మేలు, ఒక కీడు చేస్తుంది. ఇంగ్లీషులో ‘కాదు’ నడుమ వస్తుంది, మనకు చివర వస్తుంది. కనుక కాదనే పేరు ఏదైనా ‘కా’తో ముగియవలసిందే. ‘కా’తో ముగిసే మాటలు వెతికితే టీకా తగులుతుంది. మొదటి అక్షరం టీకాలోనిది, రెండోది కాదులోనిది: ‘టీకా కాదు’. కోడ్ పక్కన రాసిన వ్యాఖ్యలను పోగుచేసి పత్రాలు తయారుచేసే లైబ్రరీ మీ దగ్గర ఉంటే, టీకా తాత్పర్యాలతో పద్యాలు చదువుకున్న తెలుగు పాఠకుడికి ఆ పేరు పనిని చెబుతుంది, విస్తరణ దానిని కాదంటుంది. ఇంతకంటే పొట్టిగా తనను తాను కాదనుకునే పేరు ఇంగ్లీషులో కట్టడం కష్టం. సాధారణంగా తెలుగువారు ఓపెన్ సోర్స్‌లో పేరు పెట్టేటప్పుడు హాస్యం కంటే గౌరవం వైపే మొగ్గుతారు. సిలికానాంధ్ర వెలువరించిన తెలుగు ఫాంట్లకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని రాయలవారి కొలువంతా పేర్లుగా వచ్చింది. వికటకవి బిరుదు ఎటునుంచి చదివినా ఒకటే కదా, ఆ కొలువులో కూడా ఈ విద్య తెలిసినవాడు ఒకడు ఉన్నాడన్నమాట.

ఒక్క పేరు కాదు, కుటుంబం

లైబ్రరీ పెరిగి చుట్టూ నాలుగు చిన్న ప్రాజెక్టులు పుడతాయన్న నమ్మకం ఉంటే, మొదటి పేరు పెట్టేటప్పుడే బంధువర్గాన్ని ఊహించుకోవాలి. డగ్ కటింగ్ తన కొడుకు ఆడుకునే పసుపుపచ్చ ఏనుగు బొమ్మ పేరునే, భారీ డేటాను చాలా కంప్యూటర్లకు పంచి నడిపే హడూప్‌కు పెట్టారు. ఆ పేరుకు అర్థం లేదు, కాని ఏనుగు ఉన్నది. మొదట దాని మీద నడిచిన మెషీన్ లెర్నింగ్ లైబ్రరీకి మహౌట్ అనే పేరు వచ్చింది. ఇంగ్లీషులోకి హిందీ నుంచి వెళ్లిన ఆ మాట మన మావటికి దగ్గరి చుట్టం. ఏనుగును నడిపేవాడు మావటి, భారీ డేటాను నడిపేది ఈ లైబ్రరీ, వివరణ అక్కరలేదు.

దీనికి మించిపోతే ఏమవుతుందో మ్యాక్ వాడేవారు హోమ్‌బ్రూలో చూస్తారు. ఇంట్లో మద్యం కాచుకోవడం అనే పోలిక మీద 2009లో మొదలైన ఈ ప్యాకేజీ మేనేజర్‌లో, అంటే ప్రోగ్రాములను దించి అమర్చే సాధనంలో, ప్యాకేజీ వివరం ఫార్ములా, ముందే తయారుచేసిన బైనరీ బాటిల్, ఇన్‌స్టాల్ అయిన ప్రతి వెర్షనూ ఒక కెగ్, అవన్నీ ఉండే ఫోల్డర్ సెల్లార్, అదనపు కోడ్ భాండారం ట్యాప్, తెరమీద కనిపించే పెద్ద అప్లికేషన్లు క్యాస్క్. మొదటి రెండింటికి పెదవుల మీద నవ్వు వస్తుంది. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి, ఎర్రర్ మెసేజ్‌లో ‘కెగ్’ అంటే పీపాయో సీసాయో గుర్తుచేసుకోవలసి వచ్చి, కొత్తవాడు విసుగుపడతాడు. నా సలహా ఏమిటంటే, ప్రాజెక్టు పేరూ ఉపప్రాజెక్టుల పేర్లూ సరదాగా ఉండవచ్చును గానీ, ఫంక్షన్లు, సెట్టింగులు, ఎర్రర్ మెసేజ్‌లు నూటికి నూరుపాళ్లు సాదాగా ఉండాలి. ఆవకాయ లైబ్రరీలో నిల్వ చేసే ఫంక్షన్ పేరు ‘సేవ్’ కావాలి, ‘ఊరబెట్టు’ కాకూడదు.

రిజిస్ట్రీలో చూసుకోవలసినవి

పేరు కుదిరిందనిపించాక, దానిని ప్రచురించబోయే రిజిస్ట్రీ, అంటే అందరూ ప్యాకేజీలు పెట్టి దించుకునే చోటు, నియమాలను పరిశీలించండి. జావాస్క్రిప్ట్ వారి ఎన్‌పీఎంలో కొత్త ప్యాకేజీ పేరులో పెద్దబడి అక్షరాలు ఉండరాదు, పొడవు 214 అక్షరాలు దాటరాదు. పైథాన్ వారి పైపీఐలో హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటే. చిన్నబడి, పెద్దబడి తేడా కూడా లేదు. అయితే పైథాన్‌లో ఇంపోర్ట్ చేసే, అంటే ప్రోగ్రాములోకి తెచ్చుకునే, పేరులో హైఫన్ కుదరదు కనుక, ఇన్‌స్టాల్ చేసే పేరూ ఇంపోర్ట్ చేసే పేరూ వేరు కావడం తరచు జరుగుతుంది. మనవాళ్లకు బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు మరొకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి ఉన్నట్టే, బ్యూటిఫుల్ సూప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నిండు పేరుతో, పక్కన నాలుగు అంకెతో ఉండి, ఇంపోర్ట్ చేసేటప్పుడు బీఎస్4 అయిపోతుంది. తప్పించుకోగలిగితే ఈ రెండు పేర్ల బాధ మీ వాడుకరులకు పెట్టకండి. భాషతో పాటు వచ్చే మాడ్యూళ్ల పేర్లను కూడా ముట్టుకోవద్దు.

పేర్ల తగాదా ఎంత దూరం పోతుందో 2016 మార్చిలో అందరూ చూశారు. ఒక మెసేజింగ్ కంపెనీ పేరూ ఎన్‌పీఎంలో ఒక చిన్న ప్యాకేజీ పేరూ ఒకటే కావడంతో, రిజిస్ట్రీవారు ఆ పేరును కంపెనీకి అప్పగించారు. ఒళ్లు మండిన రచయిత తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల లైబ్రరీ ఒకటి ఉండడంతో, దాని మీద తెలిసో తెలియకో ఆధారపడిన అసంఖ్యాక ప్రాజెక్టులు కొన్ని గంటలపాటు బిల్డ్ కాకుండా నిలిచిపోయాయి. ఫైర్‌ఫాక్స్ సైతం 2002లో ఫీనిక్స్‌గా పుట్టి, ట్రేడ్‌మార్క్ అభ్యంతరంతో ఫైర్‌బర్డ్ అయి, ఆ పేరుతో ముందే ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్ ఉండడంతో 2004లో మూడో పేరు పెట్టుకున్నది. కనుక పేరు వెతికేటప్పుడు మీ రిజిస్ట్రీ ఒక్కటే చూస్తే సరిపోదు. ఇతర భాషల రిజిస్ట్రీలూ, ట్రేడ్‌మార్క్ పట్టికలూ కూడా చూడవలసి ఉంటుంది.

తెలుగు మాటను ఎంచుకున్నవారికి ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. ఆవకాయను ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని పదిమందిని అడగండి: మొదట ఒక ‘ఏ’ పెట్టేవారు, రెండు పెట్టేవారు, చివర ‘వై ఏ’తో ముగించేవారు, ‘ఏ ఐ’తో సరిపుచ్చేవారు, ఇలా కనీసం నాలుగు రూపాలు తేలతాయి. వీటిలో మీరు ఒకటి తీసుకుంటే, మిగిలినవి ఎవరైనా తీసుకోవచ్చు. 2017లో ఎన్‌పీఎంలో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీ పేరులోంచి హైఫన్ మాత్రం తీసేసి, పొరపాటున దానిని ఇన్‌స్టాల్ చేసినవారి యంత్రాల్లోని రహస్య వివరాలను దొంగిలించే నకిలీ ప్యాకేజీని పెట్టారు. ఒక్క హైఫన్ తేడాకే అంత జరిగితే, దీర్ఘాలూ ఒత్తులూ ఉన్న మాటకు ఎంత అవకాశం ఉంటుందో ఊహించుకోవచ్చు. కాబట్టి దీర్ఘం గానీ, ఒత్తు గానీ, ‘ట’నో ‘త’నో తేల్చుకోవలసిన అక్షరం గానీ లేని మాటను ఎంచుకోండి. చింత కంటే మిరప సురక్షితం.

పరాయి చెవికి వినిపించడం

చివరిగా, ఆ పేరును మీ భాష తెలియని ముగ్గురికి ఫోనులో చెప్పి రాయమనండి. తరువాత వారి భాషలో దానికి ఏదైనా అర్థం ఉన్నదా అని అడగండి. ఫ్రాన్సులో పుట్టిన గణిత నిరూపణ సాధనం కాక్ పేరులో కోడిపుంజు, దాని సృష్టికర్తలలో ఒకరైన కొకాన్ పేరులోని అక్షరాలు, ఆధారమైన సిద్ధాంతం పేరు మూడూ కలిసి వచ్చాయి; ఫ్రెంచి చెవికి అది ముచ్చటైన చమత్కారం. ఇంగ్లీషు చెవికి మాత్రం అది బూతు కావడంతో, ఆ సాధనం గురించి మాట్లాడవలసిన విద్యార్థినులు, అధ్యాపకులు ఏళ్లతరబడి ఇబ్బందిపడ్డాక, 2025లో పేరు రాక్‌గా మారింది. కోడిపుంజు అలా పోయింది గానీ, ఎక్స్‌బాక్స్‌తో సంబంధం తెగిపోయాక 2014లో పేరు మార్చుకున్న మీడియా ప్లేయర్ కోడి మాత్రం, ఆ పేరు తెలుగులో ఏమిటో తెలియకుండానే హాయిగా తిరుగుతున్నది. పైథాన్‌కు తగ్గట్టు అనకొండ అని పేరు పెట్టి, దాని ప్యాకేజీ మేనేజర్‌ను కొండ అని పిలిచినవారికీ ఆ సంగతి తెలియదు. ఇవి నిరపాయమైనవి. చిత్రాలు దిద్దే గింప్ పేరు ఇంగ్లీషులో వికలాంగులను కించపరిచే మాట కావడంతో, బడుల్లోనూ ఆఫీసుల్లోనూ దానిని సూచించడానికి మొహమాటపడినవారు 2019లో గ్లింప్స్ అనే మరో శాఖనే మొదలుపెట్టారు. మనుషులు చాలక 2021లో అది ఆగిపోయింది. ఒక మనిషినో, జాతినో, శరీరాన్నో ఆధారం చేసుకున్న హాస్యాన్ని ఈ దశలో నిర్మొహమాటంగా కొట్టేయండి. లినస్ టోర్వాల్డ్స్ తన ప్రాజెక్టులన్నిటికీ తన పేరే పెడతానని, మొదట లినక్స్, ఇప్పుడు గిట్ అని అన్నాడంటే, బ్రిటిష్ యాసలో గిట్ అంటే పనికిమాలిన మనిషి కనుక, ఆ తిట్టు తనకే తగిలింది. అందుకే అది చెల్లింది.

పేరు ఖాయమయ్యాక, ప్రాజెక్టు పరిచయ పత్రమైన రీడ్‌మీలో మొదటి వాక్యంగా, మీరు మొట్టమొదట కాగితం మీద రాసుకున్న ఆ సాదా వాక్యాన్ని పెట్టండి. పేరు వెనుక కథను కావాలంటే అడుగున రెండు లైన్లలో చెప్పండి. పైనే కథ మొదలుపెడితే పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకుని చదివేవాడు వెళ్లిపోతాడు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు పేరు మార్చవలసి వస్తే, పాత పేరును ఒక్కసారిగా చెరిపేయకుండా, పాత ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినవారికి కొత్త పేరు చెప్పే సందేశం మాత్రం మిగిల్చి ఉంచండి. పాత పేరు ఖాళీ అయితే అక్కడ క్రాస్-ఎన్వ్ వంటి కథ మళ్లీ మొదలవుతుంది. 1995లో నెట్‌వర్క్ లోపాలను వెతికే ఒక సాధనం రాసినవారు ఈ అవసరాన్ని ముందే ఊహించారు. దాని పొడి అక్షరాల పేరు సేటన్, అంటే సైతాను. ఆ పేరు పలకడానికి ఇష్టం లేనివారి కోసం ప్యాకేజీలోనే ‘పశ్చాత్తాపపడు’ అనే అర్థం వచ్చే చిన్న కమాండు పెట్టారు. దానిని ఒకసారి నడిపితే అక్షరాలు అటూ ఇటూ మారి, ప్రోగ్రాము అంతటా సైతాను బదులు శాంటా తాత పేరు కనిపించేది.